సమాధానం: రైతుకు మూడు లోడ్లుంటే జాబితాలో ఒక్కటే వస్తోంది

రైతుల పట్టికనూ లోడ్ల పట్టికనూ జాయిన్‌తో కలిపి మైబాటిస్‌తో (క్వెరీ ఫలితాలను జావా ఆబ్జెక్టులుగా మార్చే సాధనం) చదివితే, మూడు లోడ్లున్న రైతుకు ఒక్కటే వస్తోందని అడిగారు. ఆ రెండు పట్టికల్లోనూ ‘ఐడీ’ అనే కాలమ్ ఉండటమే కారణం. బంగారుపాళెం యార్డులో మీ రైతు ఐడీ 17 అనుకోండి. ఆయన మూడు తోతాపురి లోడ్లకూ మైబాటిస్ ఆ 17నే లోడు ఐడీగా చదువుతోంది. మూడూ ఒకటేననుకొని ఒక్కదాన్నే ఉంచుతోంది. క్వెరీని విడిగా నడిపితే మూడు వరుసలూ వస్తున్నాయన్నారు కదా, అంటే జాయిన్ సరిగానే ఉంది, దాని జోలికి వెళ్లకండి.

1. సెలెక్ట్‌లో లోడు ఐడీకి ‘లోడ్_ఐడీ’ అని మారుపేరు పెట్టండి.

2. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. రిజల్ట్‌మ్యాప్‌లో (ఏ కాలమ్ ఆబ్జెక్టులోని ఏ ప్రాపర్టీకి వెళ్లాలో చెప్పే భాగం), కలెక్షన్ (రైతు లోడ్ల జాబితా) లోపలి ఐడీ ట్యాగ్‌లో కాలమ్ విలువగా ఆ మారుపేరే రాయాలి. ప్రాపర్టీ మాత్రం ‘ఐడీ’గానే ఉండాలి. పాత కాలమ్ పేరు అక్కడ మిగిలితే మళ్లీ ఒక్క లోడే వస్తుంది. కాటా చీటీలు పట్టుకొచ్చిన రైతుకు రెండు లోడ్ల డబ్బు తగ్గుతుంది, కాబట్టి దీన్ని తప్పక సరిచూడండి.

3. ‘తేదీ’ కూడా రెండు పట్టికల్లో ఉంటే దానికీ ఇలాగే చేయండి.