బరువైన కవర్లు

అమ్మాయీ,

నీ కథా, దానితోపాటు పెట్టిన నాలుగు పేజీల ఉత్తరమూ అందాయి. ముందే చెప్పేస్తున్నాను, కోప్పడకు. కథ కంటే ఉత్తరం బాగుంది. కథలో ఎక్కడ అడుగు వేస్తే ఎవరేమంటారోనని చూసుకుంటూ నడిచావు. ఉత్తరంలో ఆ భయం గురించే రాస్తూ హాయిగా పరుగెత్తావు.

చివర్లో అడిగావు చూడు, "మాస్టారూ, నాకు రాయడం వచ్చో రాదో మీరే ఖాయంగా చెప్పండి, రాదంటే ఇక్కడితో ఆపేస్తాను, టెన్షనైనా తీరుతుంది" అని. ఆ పని నాకు చేతకాదు. ఒక్క కథ చూసి మనిషికి రాత ఉందో లేదో చెప్పేవాళ్లను చాలామందిని చూశాను. వాళ్ల జోస్యం ఫలించగా మాత్రం చూడలేదు. నా విషయంలో చెప్పినవాళ్లూ ఉన్నారు. "ఉద్యోగం ఉంది కదా, ఇదెందుకయ్యా నీకు" అన్నాడొకాయన. నన్ను బాధపెట్టాలని కాదు, బాగుపడాలనే అన్నాడు.

ఆ ఉద్యోగం సంగతే చెబుతాను. 1978 ప్రాంతంలో పార్వతీపురం దగ్గర ఒక చిన్న పోస్టాఫీసులో గుమాస్తాను. సాయంత్రాలు కథలు రాసేవాణ్ణి. అప్పటి పద్ధతి నీకు తెలిసే వీలు లేదు. అరఠావు కాగితం మీద, ఒకవైపే, మార్జిన్ వదిలి కుదురుగా రాయాలి. చివర హామీపత్రం ఉండాలి. ఈ కథ నా సొంతం, అనువాదం కాదు, అనుసరణ కాదు, వేరే ఏ పత్రిక పరిశీలనలోనూ లేదు అని కింద సంతకం. నచ్చకపోతే తిప్పి పంపడానికి మన చిరునామా రాసి, స్టాంపులు అంటించిన కవరొకటి జతచేయాలి. ప్రాణం తీసేది ఆ కవరే. కథ తీసుకుంటే పత్రిక ఆఫీసు నుంచి ఒక కార్డు ముక్క వచ్చేది. తీసుకోకపోతే మన చేత్తో రాసుకున్న చిరునామాతో, మన డబ్బుతో కొన్న స్టాంపులతో, ఆ కవరు ఉబ్బెత్తుగా తిరిగొచ్చేది. చింపక్కర్లేదు, చేత్తో పట్టుకుంటే చాలు, సంగతి తెలిసిపోయేది.

నాకున్న అదనపు కష్టం ఏమిటంటే, టపా సంచీ విప్పేది మా ఆఫీసులోనే. ఉత్తరాలు ఏరే పోస్ట్‌మాన్ నా కవరు అరచేతిలో పెట్టుకుని తూచి, "మాస్టారూ, బరువైనదే" అనేవాడు. ఎగతాళి కాదు పాపం, పిల్లాడికి జ్వరం ఎంతుందో చెప్పినట్టు చెప్పేవాడు. అలా పదకొండు కథలు తిరిగొచ్చాయి. పదకొండోసారి అతను ఏమీ అనలేదు. కవరు నా టేబుల్ మీద బోర్లించి పెట్టి టీ తాగడానికి వెళ్లిపోయాడు. అన్నిటికంటే ఆ రోజే ఎక్కువ సిగ్గేసింది.

పన్నెండోదానికి కార్డు వచ్చింది.

"ఒక్కటి అచ్చయితే చాలు, ధైర్యం అదే వస్తుంది" అని రాశావే, నేనూ అలాగే అనుకున్నాను. వచ్చింది ధైర్యం కాదు. పదకొండుసార్లు తిప్పికొట్టినా పన్నెండోది రాసినవాణ్ణి, ఒకటి అచ్చయ్యాక నాలుగేళ్లు ఒక్క పేజీ రాయలేకపోయాను. కాగితం ముందు కూర్చుంటే ఆ అచ్చయిన కథ భుజం మీదుగా తొంగిచూస్తున్నట్టుండేది. మొదటి వాక్యం రాయగానే, ఇది దానంత బాగుందా అని అనుమానం. అసలదేదో గుడ్డెద్దు చేలో పడ్డట్టు కుదిరిందేమోనని ఇంకో అనుమానం. ఊళ్లో ఇద్దరు ముగ్గురు "రచయితగారూ" అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పిలుపు వింటే చెవులు వేడెక్కేవి, ఎవరిదో సొమ్ము జేబులో పెట్టుకుని తిరుగుతున్నట్టు. ఇంట్లో అడిగితే ఆఫీసులో పని ఎక్కువగా ఉందని చెప్పేవాణ్ణి. పోస్టాఫీసులో పని ఎక్కువగా ఉండేది రాఖీకీ సంక్రాంతికీ మాత్రమే.

మళ్లీ కలం కదిలింది ఒక ముసలమ్మ వల్ల. ఆ రోజుల్లో కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి చదువు రాదు. కార్డు కొని, "బావూ, రెండు ముక్కలు రాసిపెట్టు" అని అక్కడే నిలబడేవాళ్లు. మా వైపు నుంచి ఖరగ్‌పూర్‌కి రైల్వే పనికి వెళ్లి అక్కడే ఉండిపోయిన కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆమె కొడుకూ అక్కడే వర్క్‌షాపులో. నెలకోసారి వచ్చేది. ఒకరోజు ఆమె చెబుతుంటే 15 పైసల కార్డు మీద గబగబా ఇలా రాశాను. "ఇక్కడ అందరం క్షేమం. నీవు లేక నాకు మనసు చాలా బాధగా ఉన్నది." చదివి వినిపించమంది. వినిపించాను. మొహం చిట్లించింది.

"నానేటి సెప్పినాను బావూ, నువ్వేటి రాసినావు?"

"బాధగా ఉందనే కదమ్మా..."

"బాద అని నానన్నానేటి? ఆవీనింది, జున్నొండినాను, ఆడు లేడని పక్కింటోల్లకి ఇచ్చేసినాను, అన్నాను. అదే రాయి. ఆడికి తెలుస్తాది."

కార్డులో ఇక చోటు లేదు. నా డబ్బుతో ఇంకో కార్డు తీసి, ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. మళ్లీ చదివించుకుంది. ఈసారి తల ఊపి, చెంగు ముడి విప్పి రెండో కార్డు డబ్బులు కూడా లెక్కపెట్టి బల్ల మీద పెట్టింది. వద్దంటే వినలేదు.

ఆ కార్డు రాస్తున్నంతసేపూ నాకు రాయడం వచ్చా రాదా అన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు. ఎలా వస్తుంది? ఎదురుగా మనిషి నిలబడి ఉంది, టపా కట్టే వేళవుతోంది, ఆ జున్ను సంగతి ఖరగ్‌పూర్ చేరాలి. నా గురించి ఆలోచించుకోవడానికి తీరికెక్కడిది? ఆ రాత్రే కూర్చుని ఒక పేజీ రాశాను, నాలుగేళ్ల తర్వాత. గొప్ప కథేం అవలేదు. అదీ బరువుగానే తిరిగొచ్చింది. పై కవరు మార్చి ఇంకో పత్రికకు పంపాను.

ఇప్పుడు నీ కథ తియ్యి. నీ కథలో నాన్న సాలూరులో లారీలకు బాడీ కట్టే వడ్రంగి. రెండో పేజీలో ఆయన ఒక చెక్కను వేలి కణుపులతో తట్టి, తల వంచి విని, ఏమీ అనకుండా పక్కన పడేస్తాడు. అక్కడ నేను చదవడం ఆపి, కళ్లజోడు తీసి కాసేపు కూర్చున్నాను. ఆ షెడ్డులో పెరిగిన పిల్ల తప్ప వేరెవరూ రాయలేని సంగతది. నాలుగో పేజీకి వచ్చేసరికి అదే మనిషి కూతురితో, "నా జీవితమంతా ఈ వృత్తికే అంకితం చేశాను తల్లీ, నీవైనా ఉన్నత శిఖరాలు అధిరోహించాలి" అంటాడు. సాలూరులో ఏ షెడ్డులో ఏ మేస్త్రీ ఇలా మాట్లాడతాడమ్మా? "మా మాట రాస్తే చదివేవాళ్లు నవ్వుతారేమో" అని ఉత్తరంలో అన్నావు. ఆ భయమే వచ్చి ఆయన నోట్లో మాట లాగేసుకుని, చేతిలో సన్మానపత్రం పెట్టి చదవమంది. నేను ముసలమ్మకు చేసిన పని నువ్వు మీ నాన్నకు చేశావు.

మూడో పేజీలో ఆ కల ఉంచాలా తియ్యాలా అని అడిగావు. తీసెయ్. ఇది చూడు, ఇదీ అనుమానమే. కానీ దీనికి జవాబుంది, పెన్సిల్ తీసుకుని ఒక గీత గీస్తే తేలిపోతుంది. ఇలాంటివి ఎన్నైనా పెంచుకో, ఎన్నైనా నాకు రాయి. "నేను రచయిత్రినేనా" అన్నదానికి మాత్రం జవాబు లేదు. ఒకవేళ నేను ఔనన్నా నీ మూడో పేజీ బాగుపడదు.

ఇంగ్లిష్ మీడియం చదువు, ఒత్తులు తప్పుతాయి అని ఒక పేజీ నిండా ఏడ్చావు. కథలో పదహారు తప్పులున్నాయి, పెన్సిల్‌తో సున్నాలు చుట్టాను. ఎక్కువ ల, ళ దగ్గరే. ఆంధ్రభారతి నిఘంటువు ఫోన్‌లోనే దొరుకుతుంది. ఒక ఆదివారం పని, అంతే.

ఎనిమిది నెలలుగా కథ సొరుగులో ఉందన్నావు, ఇంకా బాగా వచ్చాక పంపుదామని. మన విజయనగరంలో గురజాడ ఏం చేశారో గుర్తు చేసుకో. కన్యాశుల్కం 1892లో మొదట ఆడారు, 1897లో అచ్చయింది. అక్కడితో ఊరుకోక, ఇది వేరే నాటకమా అన్నంతగా తిరగరాసి 1909లో మళ్లీ అచ్చు వేశారు. ఇవాళ మనం ఎక్కువగా చదువుకునేది ఆ రెండోదే. ఈ సంగతి ఎక్కడ చెప్పినా పిల్లలు "అబ్బ, పన్నెండేళ్లు దిద్దుకున్నారా" అని ఆశ్చర్యపోయి, ఇంటికి వెళ్లి తమ కథను ఇంకో ఏడాది సొరుగులో పెడుతున్నారు. నేను చెప్పదలచుకున్నది 1897 గురించి. అంత అనుమానం ఉన్న మనిషి కూడా ముందు అచ్చుకిచ్చారు. మనసుకు పూర్తిగా నచ్చేదాకా ఆగి ఉంటే, తిరగరాయడానికి చేతిలో ఏముండేది?

సెలవు దొరికితే శ్రీకాకుళంలో తెలుగు కథల గ్రంథాలయం కథానిలయానికి ఒకసారి వెళ్లు. కథకులు కాళీపట్నం రామారావు గారు తనకొచ్చిన పురస్కారాల డబ్బు పెట్టి 1997లో మొదలుపెట్టారు. విశాఖలో బడిలో పాఠాలు చెప్పుకుంటూ, రాసినవి కొద్ది కథలే అయినా, అందరి కథలకూ ఒక ఇల్లు కట్టారు. ఒకటి రెండు కథలు రాసి ఆగిపోయినవాళ్లకు కూడా అక్కడ చోటుంది. నేను వెళ్లినప్పుడు, చెప్పుకోవడానికి మొహమాటంగా ఉంది గానీ, పాత పత్రికల్లో నా మొదటి కథే వెతుక్కున్నాను. నాలుగేళ్లు నన్ను వణికించిన కథ కదా. "ఆకాశం మేఘావృతమై ఉంది" అని మొదలైంది. చదువుతుంటే నవ్వొచ్చింది. దీన్ని చూసుకునా నేను జడిసింది! తిరిగొచ్చిన ఆ పదకొండూ కూడా ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉన్నాయి. తర్వాత ఎప్పుడో తీసి చూశాను. తొమ్మిదింటి విషయంలో ఆ ఎడిటర్లదే రైటు. మిగతా రెండింటి మీద నాకింకా కోపం ఉంది.

ఇప్పుడు బరువైన కవర్లు లేవు. ఈమెయిల్‌లో పంపితే అవునూ కాదూ ఏదీ రాక, మూగనోము. నిజానికి ఇది అంతకంటే కష్టం, ఒప్పుకుంటాను. పంపిన తేదీ నోట్‌బుక్‌లో రాసుకో. మూడు నెలలు చూసి, ఒక ముక్క అడిగి, ఇంకోచోటికి పంపెయ్. ఇన్‌బాక్స్ గంటకోసారి తెరవకు. కథల పోటీలకు పంపితే పంపు గానీ ఫలితం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోకు. హామీపత్రం ఇప్పటికీ చాలామంది అడుగుతారు. ఈ కథ నా సొంతం అని రాసి సంతకం పెట్టేటప్పుడు నాలుగో పేజీ ఒకసారి తిప్పి చూడు, మీ నాన్న మాట సొంతమో, సన్మానపత్రం నుంచి తెచ్చిందో తెలిసిపోతుంది.

నేనేం రాస్తున్నానని అడిగావు. మూడు వారాలుగా ఒక కథ ఐదో పేజీ దగ్గర ఆగి ఉంది. పొద్దున్నే తీస్తాను, చదువుతాను, మళ్లీ పెట్టేస్తాను. డెబ్బై దాటాక ఇదేం తిప్పలని ఇంట్లో నవ్వుతారని చెప్పలేదు. నీకే చెబుతున్నాను.

ఒకటి మర్చిపోయాను. మీ నాన్నగారు చెక్కను తట్టి చూస్తారని రాశావు గానీ, మంచి చెక్కయితే ఎలా మోగుతుందో, లోపల పుచ్చుంటే ఎలా వినబడుతుందో రాయలేదు. నాకు తెలియదు, తెలుసుకోవాలని ఉంది. ఇవాళ రాత్రి ఆయనకు ఫోన్ చేసి అడుగు. ఆయన ఏమంటారో ఆ ముక్కలే రాసి పంపు, దిద్దకుండా.

ఇట్లు
మీ మాస్టారు