ప్రయాణ సందేహాలు: దుబాయిలో గంటా నలభై నిమిషాలా, రాత్రంతానా?

ప్రశ్న: మేము చెన్నై పెరంబూరులో ఉంటాము. నాకు 68 ఏళ్లు, మా ఆవిడకు 63. డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరకు మొదటిసారి వెళ్తున్నాము. ఒక టికెట్టులో దుబాయిలో విమానం మారడానికి గంటా నలభై నిమిషాలే ఉంది. మరొకదానిలో రాత్రంతా, అంటే 11 గంటలు ఆగాలి. దుబాయి వరకు ఒక టికెట్టు, అక్కడి నుంచి వేరే టికెట్టు కొంటే ముప్పై వేలు మిగులుతాయని ఏజెంటు అంటున్నాడు. ఏది నయమండీ?

జవాబు: ఏజెంటు చెప్పినదాన్ని ముందుగా పక్కన పెట్టండి. టికెట్లు విడివిడిగా కొన్నప్పుడు మొదటి విమానం ఆలస్యమైతే రెండో విమాన సంస్థకు బాధ్యత ఉండదు. మీరు రాలేదని నమోదు చేసుకుంటారు, తిరుగు ప్రయాణంతో సహా ఆ టికెట్టులో మిగిలినదంతా సాధారణంగా రద్దయిపోతుంది. పెట్టెలు కూడా దుబాయి వరకే వస్తాయి. వాటిని అందుకునే బెల్టు ఇమిగ్రేషన్ దాటాక ఉంటుంది కనుక అక్కడి వీసా కావాలి. అమెరికా వీసా ఉన్న భారతీయులకు కొన్ని షరతులతో దిగిన తరువాత వీసా ఇచ్చే ఏర్పాటు ఉన్నమాట నిజమే గాని, ఈ వయసులో అర్ధరాత్రి ఆ వరుసలో నిలబడి, ఆపైన నాలుగు పెట్టెలు తోసుకుంటూ మళ్లీ చెక్-ఇన్ కౌంటరు వెతుక్కోవడం ముప్పై వేల కోసం చేయవలసిన పని కాదు.

ఇక గంటా నలభై నిమిషాల సంగతి. టికెట్టు మీద కనిపించే ఆ వ్యవధి విమానం దిగవలసిన వేళ నుంచి రెండో విమానం బయలుదేరే వేళ వరకు వేసిన లెక్క. అందులో తలుపు తెరిచి ప్రయాణికులందరూ దిగడం, మళ్లీ భద్రతా తనిఖీ, నడక, అమెరికా విమానాలకు గేటు దగ్గర జరిగే అదనపు పత్రాల పరిశీలన పోగా, బయలుదేరే వేళకు ముందే గేటు మూసేస్తారన్నది కూడా తీసేస్తే మీ చేతిలో మిగిలేది చాలా తక్కువ. ఒకే టికెట్టు కనుక, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పితే తరువాతి విమానంలో చోటు చూపవలసింది సంస్థే. అయితే అది మరునాటి విమానం కావచ్చు. అప్పుడూ మీరు గడిపేది దుబాయిలో రాత్రే, కాకపోతే ముందస్తు ఏర్పాటేమీ లేని రాత్రి. మూడు, నాలుగు గంటల వ్యవధి ఉన్న టికెట్టు దొరికితే అదే తీసుకోండి. దొరకకపోతే నా ఓటు 11 గంటలకే.

విమానాశ్రయం లోపలే, ఇమిగ్రేషన్ దాటకుండా గంటల లెక్కన గదులిచ్చే హోటలు ఉంది. చెన్నైలో ఉండగానే గది తీసుకోండి. అంతకన్నా ముందు, సుదీర్ఘ విరామానికి ఉచిత బస ఇస్తారా అని విమాన సంస్థను అడగండి. కొన్ని సంస్థలు కొన్ని రకాల టికెట్లకు ఇస్తాయి, అడగకపోతే చెప్పవు. పెట్టెలు డల్లాస్‌కే వెళ్లిపోతాయి కనుక మందులు, డాక్టరు చీటీ, ఒక జత బట్టలు, శాలువా చేతిసంచిలో ఉండాలి. నా మొదటి ప్రయాణంలో శాలువాను పెట్టెలో సర్ది, ఆ ఏసీ చలికి తెల్లవార్లూ వార్తాపత్రికలు కప్పుకుని కూర్చున్నాను. దుబాయి సమయం మనకంటే గంటన్నర వెనుక. టికెట్టు మీద ఉండేవి ఏ ఊరికి ఆ ఊరి వేళలు. మాత్రలు మాత్రం గడియారాన్ని బట్టి కాక, రెండు మోతాదుల మధ్య ఎన్ని గంటలన్నది చూసి వేసుకోవాలి. ఇన్సులిన్ వాడుతుంటే డాక్టరును ముందే అడగండి. మీనంబాక్కం విమానాశ్రయంలో రెండు బోర్డింగ్ పాసులూ తీసుకుని, పెట్టెల చీటీ మీద డల్లాస్ సంకేతం డీఎఫ్‌డబ్ల్యూ ఉందో లేదో చూసుకోండి. మరో మాట, అమ్మాయి కూరల్లోకని గసగసాలు సర్దకండి. దుబాయి ఉన్న యూఏఈ దేశంలో అవి నిషిద్ధం.

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లి నుంచి రాస్తున్నాను. లండన్ మీదుగా షికాగో, అక్కడి నుంచి దేశీయ విమానంలో నార్త్ కరోలినాలోని ర్యాలీ నగరం, అన్నీ ఒకే టికెట్టు. పెట్టెలు ర్యాలీ వరకు వెళ్తాయని చెప్పారు. షికాగోలో గంటన్నర చాలుతుందా?

జవాబు: చాలదనే నా అభిప్రాయం. చీటీ మీద ర్యాలీ అని ఉన్నా, అమెరికాలో మొదట దిగిన చోట ఇమిగ్రేషన్ ముగించి, పెట్టెలు మీరే తీసుకుని, కస్టమ్స్ దాటించి మళ్లీ అప్పగించాలి. ఆపైన టెర్మినల్ మారవలసి వస్తే రైలు, మరో భద్రతా తనిఖీ. మూడు గంటలకు తగ్గకుండా చూసుకోండి. అబుదాబి మీదుగా వెళ్లే టికెట్టు కూడా పరిశీలించండి: అమెరికా ఇమిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీలు అక్కడే ముగుస్తాయి కనుక షికాగోలో దేశీయ ప్రయాణికుడిలా దిగుతారు. ఆ తనిఖీలకూ సమయం పడుతుంది కాబట్టి అబుదాబిలో మాత్రం వ్యవధి ఎక్కువ ఉండేలా చూసుకోవాలి.