సీటు కింద దాచిన పాత ఫోన్ పోయిన బండిని పట్టిస్తుందా?

ప్రశ్న: మాది విజయవాడ. ఇంటికి పార్కింగ్ లేక రాత్రిపూట బైక్‌ను సందులోనే పెడుతున్నాను. ఈ మధ్య మా వీధిలో రెండు బండ్లు పోయాయి. ఇంట్లో వాడకుండా పడి ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి ఉంది. దాన్ని సీటు కింద దాచి, బండి పోతే ఎక్కడుందో తెలుసుకునేలా చేయవచ్చా? బండి బ్యాటరీ నుంచే ఛార్జింగ్ ఇవ్వవచ్చా? ఏ ఆప్ వేసుకోవాలి?

జవాబు: చేయవచ్చు. జీపీఎస్, సిమ్, ఇంటర్నెట్, సొంత బ్యాటరీ నాలుగూ మీ ఫోన్‌లో ఉన్నాయి. బజారులో అమ్మే ట్రాకర్లలో ఉండేవీ అవే. మీరు చివర అడిగిన ఆప్ సంగతి నిజానికి తేలికైనది. ఈ ఏర్పాటు నిలబడాలన్నా కూలాలన్నా అంతా కరెంటు దగ్గరే ఉంది కాబట్టి ముందు దాని గురించే వివరంగా చెబుతాను.

ఒక చిన్న లెక్క చూడండి. మీ పాత ఫోన్ బ్యాటరీ 4000 ఎంఏహెచ్ అనుకుంటే అందులో పట్టే శక్తి సుమారు 15 వాట్ అవర్లు. స్ప్లెండర్ లాంటి బండిలో ఉండే 12 వోల్టుల, 3 ఆంపియర్ అవర్ బ్యాటరీ పూర్తిగా నిండి ఉన్నప్పుడు ఇవ్వగలిగేది 36 వాట్ అవర్లు మాత్రమే. వోల్టేజీని తగ్గించేటప్పుడు పోయే నష్టం కూడా కలుపుకుంటే, ఇంజన్ ఆగి ఉన్నప్పుడు ఫోన్‌ను ఒక్కసారి పూర్తిగా ఛార్జ్ చేసేసరికి బండి బ్యాటరీ సగం ఖాళీ అవుతుంది. ఇక ఫోన్‌ను వదిలేసి వోల్టేజీని తగ్గించే కన్వర్టర్ సంగతే చూసినా, ఏ పనీ లేకుండా అది 20 మిల్లీ ఆంపియర్లు లాగినా రోజుకు దాదాపు అర ఆంపియర్ అవర్ పోతుంది. బండి తీయకుండా వారం ఊరికి వెళ్లివస్తే సెల్ఫ్ పనిచేయదు, హారన్ మోగదు.

అందువల్ల బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగకుండా, తాళం తిప్పినప్పుడు మాత్రమే కరెంటు వచ్చే ఇగ్నిషన్ లైను నుంచి తీసుకోండి. 12 వోల్టులను 5 వోల్టులకు దించే కన్వర్టర్, బైక్ మొబైల్ ఛార్జర్ అనే పేరుతో యాక్సెసరీల దుకాణాల్లో దొరుకుతుంది. కరెంటు తీసుకునే చోటుకు దగ్గరగా 2 ఆంపియర్ల ఫ్యూజు తప్పకుండా ఉండాలి, ఎందుకంటే సీటు కింద వైరు ఒరుసుకుపోయి ఇనుప చట్రానికి తగిలితే ఫ్యూజు లేని చోట మంటలు లేచే ప్రమాదం ఉంది. ఈ పనిని మామూలు మెకానిక్ కంటే ఆటో ఎలక్ట్రీషియన్ చేతికి ఇవ్వడం మంచిది. బండి ఇంకా వారంటీలో ఉంటే కంపెనీ వైరింగ్‌ను ఎక్కడా కోయనివ్వకండి.

ఇలా అమర్చుకుంటే బండి నడిచినంతసేపే ఫోన్ ఛార్జ్ అవుతుంది. ఒక ఆంపియర్ చొప్పున గంట ప్రయాణంలో అందేది 5 వాట్ అవర్లు. తెర వెలగకుండా, అప్పుడప్పుడు మాత్రమే లొకేషన్ పంపే ఫోన్ గంటకు ఒక శాతం చొప్పున ఖర్చు చేస్తుందనుకుంటే రోజుకు నాలుగు వాట్ అవర్ల లోపే సరిపోతుంది. అంటే రోజూ గంటసేపు బండి నడిపేవారికి లెక్క కుదురుతుంది, వారానికి ఒకసారి బయటకు తీసేవారికి కుదరదు.

ఇది నేను నా బండి మీద చేసి చూసిన పని. మొదటి నెల అంతా సవ్యంగా సాగింది. తర్వాత ఐదు రోజులు ఊరికి వెళ్లి వచ్చి చూస్తే ఫోన్ ఆఫ్ అయి ఉంది, మ్యాప్‌లో చివరి లొకేషన్ మూడో రోజు రాత్రిది. బండి తాళం తిప్పగానే ఛార్జింగ్ మొదలైంది కానీ, ఫోన్ దానంతట అది ఆన్ కాలేదు. తెర మీద బ్యాటరీ బొమ్మ కనిపించి ఆరిపోయింది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్ల స్వభావం ఇదే. నేను సీటు తీసి చూసుకోకపోయి ఉంటే, ట్రాకర్ ఉందన్న ధీమాతో నెలల తరబడి తిరిగేవాడిని. మీరు ఈ పరీక్షను ఇంట్లోనే చేయండి: ఫోన్‌ను పూర్తిగా డిశ్చార్జ్ చేసి, ఛార్జర్ పెట్టి, ముట్టుకోకుండా గంటసేపు చూడండి. ఆన్ కాకపోతే సెట్టింగ్స్‌లో రోజూ ఒక సమయానికి ఫోన్ దానంతట అదే ఆన్ అయ్యే ఏర్పాటు ఉందేమో వెతకండి. షావొమీ, ఒప్పో, రియల్‌మీ లాంటి కొన్ని కంపెనీల ఫోన్లలో ఇది ఉంటుంది. ఉదయం మీరు బండి మీద ఆఫీసుకు వెళ్లే వేళకు దాన్ని పెట్టుకోండి.

ఆన్ అయినా మరో చిక్కు ఉంది. ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లకు పిన్ లేదా ప్యాటర్న్ పెడితే, రీస్టార్ట్ అయిన తర్వాత ఒకసారి లాక్ తీసేవరకు చాలా ఆప్‌లు పనిచేయడం మొదలుపెట్టవు. సీటు కింద ఉన్న ఫోన్‌కు లాక్ తీసేవారెవరు? అందువల్ల ఈ ఫోన్‌కు స్క్రీన్ లాక్, సిమ్ పిన్ రెండూ పెట్టవద్దని నా సలహా. లాక్ లేకపోతే దొంగ చేతికి చిక్కినప్పుడు మన వివరాలు బయటపడతాయన్న భయం న్యాయమైనదే. దానికి మందు, ఫోన్‌ను ముందుగా ఫ్యాక్టరీ రీసెట్ చేసి, దీనికోసమే కొత్త గూగుల్ ఖాతా తెరిచి, అందులో మీ మెయిళ్లు, ఫొటోలు, కాంటాక్టులు, యూపీఐ ఆప్‌లు ఏవీ లేకుండా చూసుకోవడం.

ఇక ఆప్‌ల విషయం. పోయిన ఫోన్ ఎక్కడుందో చూపే ఫైండ్ మై డివైస్‌ను (గూగుల్ 2025లో దాని పేరును ఫైండ్ హబ్ అని మార్చింది) ఆన్ చేసి ఉంచండి. దానితోపాటు గూగుల్ మ్యాప్స్‌లో ఈ కొత్త ఖాతా లొకేషన్‌ను మీ అసలు ఖాతాకు 'నేను ఆపే వరకు' అన్న ఎంపికతో షేర్ చేయండి. వాట్సాప్ లైవ్ లొకేషన్ ఇందుకు పనికిరాదు, ఎనిమిది గంటలకు మించి నడవదు. ఫైండ్ హబ్‌లో ఉన్న లోటేమిటంటే, మీరు తెరిచి చూసినప్పుడే చెబుతుంది తప్ప అర్ధరాత్రి రెండు గంటలకు బండి కదిలిందని మిమ్మల్ని నిద్ర లేపదు. ఆ హెచ్చరిక కావాలంటే ట్రాకార్ లాంటి ఓపెన్ సోర్స్ ఆప్ వేసుకుని, మీ సందు చుట్టూ మ్యాప్‌లో ఒక హద్దు గీసి, ఫోన్ ఆ హద్దు దాటితే సందేశం వచ్చేలా పెట్టుకోవచ్చు. ఏ ఆప్ అయినా బ్యాటరీ ఆప్టిమైజేషన్ నుంచి దాన్ని మినహాయించి, ఆటోస్టార్ట్ అనుమతి ఇవ్వకపోతే రెండు రోజుల్లో ఫోనే దాన్ని మూసేస్తుంది. రింగ్‌టోన్, వైబ్రేషన్, నోటిఫికేషన్ శబ్దాలు, తెర వెలగడం అన్నీ ఆపేయండి.

సిమ్ కొనేముందు ఫోన్‌కు 4జీ ఉందో లేదో చూసుకోండి. జియోకు 2జీ, 3జీ లేనే లేవు. ఎయిర్‌టెల్ 3జీని ఎప్పుడో ఆపేసింది. 3జీ వరకే పనిచేసే పాత ఫోన్‌కు చాలాచోట్ల మిగిలేది 2జీ డేటా మాత్రమే కాబట్టి అలాంటిదాన్ని నమ్ముకోవద్దు. రీచార్జ్ గడువు ముగిసే తేదీకి మీ అసలు ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. బండి పోయిన నాడు సిమ్ వ్యాలిడిటీ అయిపోయి ఉండటం కంటే బాధ కలిగించేది మరొకటి ఉండదు.

ఎక్కడ దాచాలి? సీటు కింద అని మీరు రాశారు గానీ, దొంగ ముందు తెరిచేది సీటునే. వెనుక ప్యానెల్ లోపల టెయిల్ లైటు పైన, లేదా ముందు హెడ్‌లైటు డూమ్ లోపల చోటు ఉంటే మేలు. స్కూటరైతే హ్యాండిల్ కింద ముందు భాగాన్ని కప్పే ఆప్రాన్ లోపల పెట్టవచ్చు. ప్లాస్టిక్, సీటు ఫోమ్ జీపీఎస్ సిగ్నల్‌ను పెద్దగా అడ్డుకోవు, ఇనుము అడ్డుకుంటుంది. కాబట్టి ట్యాంకు కిందా, ఇనుప పెట్టెలోనూ పెట్టకండి. ఇంజన్‌కూ సైలెన్సర్‌కూ దూరంగా ఉంచండి. అదురుడుకు ఛార్జింగ్ పిన్ ఊడిపోతుంది కాబట్టి కేబుల్‌ను ఫోన్‌కు ప్లాస్టిక్ ట్యాగ్‌తో కట్టి బిగించండి.

వేడి విషయంలో మాత్రం నేను మిమ్మల్ని గట్టిగా హెచ్చరిస్తున్నాను. 45 డిగ్రీలు దాటిన వేడిలో లిథియం అయాన్ బ్యాటరీని ఛార్జ్ చేయకూడదు. మే నెలలో మన ఎండలోనే 43, 44 డిగ్రీలు ఉంటే, ఎండలో నిలిపిన బండి ప్యానెల్ లోపల ఎంత ఉంటుందో ఊహించండి. నా ఫోన్‌ను మే మూడో వారంలో బయటకు తీసినప్పుడు వెనుక మూత ఒక పక్క లేచి, చట్రానికీ మూతకూ మధ్య గోరు దూరేంత సందు ఏర్పడింది. బల్ల మీద పెట్టి వేలితో తాకితే గుండ్రాయిలా తిరిగింది. అది బ్యాటరీ ఉబ్బిన గుర్తు. అలాంటి ఫోన్‌ను ఒక్క రోజు కూడా బండిలో ఉంచకూడదు. నొక్కకుండా, గుచ్చకుండా ఈ-వేస్ట్ తీసుకునేవారికి ఇచ్చేయాలి. నెలకొకసారి తీసి చూడండి, ఏప్రిల్ నుంచి జూన్ వరకు పదిహేను రోజులకొకసారి చూడండి. పగలంతా ఎండలో నిలిపే బండి అయితే ఆ మూడు నెలలు ఫోన్‌ను తీసేయడమే క్షేమం.

ఇంత జాగ్రత్త మీవల్ల కాదనిపిస్తే మొహమాటపడకుండా బైక్ కోసమే చేసిన జీపీఎస్ ట్రాకర్ కొనండి. దాని సొంత బ్యాటరీ చిన్నది, లాగే కరెంటు తక్కువ, కరెంటు వైరు కోస్తే వెంటనే మీకు సందేశం పంపే రకాలు కూడా ఉన్నాయి. రోజూ నడవని బండికైతే నేను దాన్నే సిఫారసు చేస్తాను. ఎయిర్‌ట్యాగ్ లాంటి బ్లూటూత్ ట్యాగులకు సొంతంగా ఇంటర్నెట్ ఉండదు, చుట్టుపక్కల వెళ్లే ఫోన్ల మీద ఆధారపడతాయి. పైగా తెలియని ట్యాగు మీ వెంట వస్తోందని దొంగ ఫోన్‌కే హెచ్చరిక వెళ్లే అవకాశం ఉంది. బండిని ఇంట్లో మరెవరైనా నడుపుతుంటే, ఏది పెట్టినా సరే, ఆ సంగతి వారికి ముందే చెప్పండి.

చివరగా, బండి నిజంగా పోయిన రోజు గురించి. మ్యాప్‌లో చుక్క కనిపించగానే నలుగురు స్నేహితులను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లకండి. జీపీఎస్ చక్కగా అందినా ఇరుకు సందుల్లో పది ఇరవై మీటర్ల తేడా వస్తుంది; సెల్లార్‌లో ఉంటే టవర్ ఆధారంగా చూపే చోటు వందల మీటర్లు తప్పవచ్చు. చుక్క చూపిన ఇంట్లో ఉన్నవాడు దొంగ కాకపోవచ్చు, దొంగే అయితే చేతిలో కత్తి ఉండవచ్చు. 112కు ఫోన్ చేసి, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసుకుని, ఆర్‌సీ కాపీతో స్టేషన్‌కు వెళ్లి ఫిర్యాదు ఇవ్వండి. పోలీసులకు ఆ లైవ్ లొకేషన్‌ను అక్కడే చూపించండి. ఇన్సూరెన్స్ కంపెనీకీ అదే రోజు తెలియజేయండి. రెండు తాళాలూ దాచి ఉంచండి, క్లెయిమ్ సమయంలో అడుగుతారు. దొంగతనానికి పరిహారం థర్డ్ పార్టీ పాలసీలో రాదు.

కంగారులో చాలామంది చేసే పొరపాట్లు కొన్ని ఉన్నాయి. ఫైండ్ హబ్‌లో శబ్దం చేసే బటన్ నొక్కితే ఫోన్ ఎక్కడుందో దొంగకు మీరే చెప్పినట్లవుతుంది. డేటా చెరిపేసే బటన్ నొక్కితే ఆ తర్వాత లొకేషన్ రాదు. ఫోన్ కూడా బండితోపాటు పోయింది కదా అని ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో దాని ఐఎంఈఐని (ఫోన్ గుర్తింపు సంఖ్యను) బ్లాక్ చేయిస్తే, నెట్‌వర్క్ తెగిపోయి ట్రాకర్ మూగబోతుంది. బండి దొరికేవరకు ఆ మూడింటి జోలికీ పోకండి. ఐఎంఈఐ నంబరును మాత్రం ఫోన్‌ను బండిలో అమర్చే ముందే రాసి, ఆర్‌సీ కాపీతోపాటు ఇంట్లో పెట్టుకోండి.