ఖండాలు కదులుతాయన్న వెగెనర్‌ను విమర్శించడం అన్యాయమా?

కొంతవరకే అన్యాయం: ఖండాలను కదిలించే బలం గురించి ఆయన ఇచ్చిన వివరణను తప్పుపట్టడం సబబే, ఆ వంకతో ఖండాలు అసలు కదలలేదని తేల్చేయడమే తర్కదోషం.

జర్మన్ వాతావరణ శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ 1912లో ఈ ప్రతిపాదన చేశారు. భూభ్రమణం వల్ల పుట్టే బలం, సూర్యచంద్రుల ఆకర్షణ ఖండాలను లాగుతున్నాయని ఊహించారు. ఆ బలాలు ఏమాత్రం చాలవని బ్రిటిష్ భూభౌతిక శాస్త్రవేత్త హెరాల్డ్ జెఫ్రీస్ వాదించారు. అది నిఖార్సయిన విమర్శ. కానీ కారణం తెలియకపోవడం వేరు, సంఘటన జరగకపోవడం వేరు. జ్వరం ఎందుకు వచ్చిందో వైద్యుడు చెప్పలేకపోతే ఒళ్లు కాలడం అబద్ధమైపోతుందా? వెగెనర్ భూగర్భ శాస్త్రవేత్త కాడన్న ఆక్షేపణ మరీ అన్యాయం. అది మనిషిని కొలుస్తుందే తప్ప సాక్ష్యం జోలికి పోదు.

ఆ సాక్ష్యాల్లో ఒకటి గ్లోసోప్టెరిస్ అనే అంతరించిన మొక్క. ఆకు నాలుకలా పొడవుగా ఉంటుంది. నడిమి ఈనె నుంచి అంచుల దాకా సన్నని ఈనెలు వలలా అల్లుకుంటాయి. ఇదే శిలాజం మన గోదావరి లోయ బొగ్గు పొరల్లోనూ, దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాల్లోనూ దొరికింది. ఇన్ని సముద్రాల ఆవల ఒకే మొక్క ఎలా పెరిగిందన్న ప్రశ్నకు విమర్శకులు, ఒకప్పుడు ఖండాలను కలిపి తర్వాత సముద్రంలో మునిగిపోయిన భూవారధులను ఊహించుకోవలసి వచ్చింది.

వెగెనర్ చెప్పిందంతా చివరికి నిజమైందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. భూమి పైపెంకు కదిలే పెద్ద ఫలకాలుగా విడిపోయి ఉందంటూ 1960లలో రూపుదిద్దుకున్న ఫలక సిద్ధాంతం కదలికను ఒప్పుకుంది, ఆయన చెప్పిన బలాలను వదిలేసింది. ఖండాలు సముద్రగర్భాన్ని చీల్చుకుంటూ పోవు. సముద్రగర్భాన్నీ కలుపుకొని ఉన్న పెద్ద ఫలకాల మీద కదులుతాయి.