మార్కులు బాగానే ఉన్నాయి, మరి లంచ్‌లో పాప ఎవరి పక్కన కూర్చుంటోంది?

ప్రశ్న: మావారి ఉద్యోగం వల్ల నాలుగేళ్లలో మూడు దేశాలు మారాం. మా పాపకు 13 ఏళ్లు. ఈ ఏడాది చేరిన ఇంటర్నేషనల్ స్కూల్లో మార్కులు బాగానే వస్తున్నాయి కానీ ఎవరితోనూ కలవదు, స్కూలున్న రోజు పొద్దున్నే కడుపునొప్పి అంటుంది. డాక్టర్ చూసి ఏమీ లేదన్నారు. పక్క సర్దుతుంటే దిండు కింద పాత స్కూల్ ఐడీ కార్డు కనిపించింది. మొన్న క్లాస్ టీచర్ ఫోన్ చేసి, స్కూల్ కౌన్సెలర్ దగ్గరికి పంపుదామా అని అడిగారు. రికార్డుల్లోకి ఎక్కితే రేపు కాలేజీ అడ్మిషన్‌కి ఇబ్బంది అని మావారు ఒప్పుకోవడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: పంపండి. ముందు ఆ మాట చెప్పేస్తున్నాను, ఎందుకంటే మీ ఇంట్లో టెన్షన్ అంతా ఆ ఒక్క ఫోన్ చుట్టూనే తిరుగుతోంది. అల్లరి చేసే పిల్లల్ని అందరూ పట్టించుకుంటారు. హోంవర్క్ టైముకి ఇచ్చేసి, మంచి మార్కులు తెచ్చుకుని, నోరు మెదపకుండా కూర్చునే పిల్ల ఎవరి కంటా పడదు. మీ పాప ఆ టీచర్ కంట పడింది. నాకైతే చాలా సంతోషంగా ఉంది.

కడుపునొప్పి నాటకం కాదు. మనసులో బెంగ ఉంటే పిల్లలకు నిజంగానే కడుపులో నొప్పి వస్తుంది. శని, ఆదివారాల్లో వస్తోందో లేదో రెండు వారాలు రాసి పెట్టండి. బరువు తగ్గుతున్నా, రాత్రి నిద్రలోంచి లేపేంత నొప్పి వస్తున్నా మళ్లీ డాక్టర్‌కి చూపించాల్సిందే.

ఇక ఆ ఐడీ కార్డు. పాప పోగొట్టుకున్నది ఒక స్కూల్‌ని కాదండీ, బస్సులో పక్క సీటు పిల్లని, తన జోకులకు నవ్వే నలుగుర్ని, కళ్లు మూసుకుని నడవగలిగే వరండాని, అదీ నాలుగేళ్లలో మళ్లీ మళ్లీ. ఎవరూ చనిపోలేదు కాబట్టి ఏడవడానికి కారణం ఎవరికీ కనపడదు. ఇలా దేశాలు మారుతూ పెరిగే పిల్లల్ని 'థర్డ్ కల్చర్ కిడ్స్' అంటారు, 1950ల్లో రూత్ యూసీమ్ అనే సామాజిక శాస్త్రవేత్త పెట్టిన పేరు అది. వీళ్లతో ఎక్కువగా పనిచేసిన డేవిడ్ పోలాక్, ఊరు వదిలేముందు నాలుగు పనులు జరగాలని చెప్పేవారు: గొడవలుంటే తీర్చుకోవడం, మనకు కావలసినవాళ్లకి వాళ్ల విలువ చెప్పడం, మనుషులకీ చోట్లకీ సరిగ్గా వీడ్కోలు చెప్పడం, వెళ్లబోయే చోటు గురించి ముందే ఆలోచించుకోవడం. మీ సామాను సర్దుడు హడావిడిలో పాపకి వీటిలో ఎన్ని దక్కాయో గుర్తు తెచ్చుకోండి. తప్పుపట్టడం లేదు, ఇప్పటికైనా చేయొచ్చని చెబుతున్నాను. పాత స్నేహితురాలితో వారానికోసారి వీడియో కాల్‌కి టైమ్ కుదర్చండి. 'కొత్త ఫ్రెండ్స్ దొరుకుతారులే' అనడం మాత్రం మానేయండి, మనం ఓదార్పుగా అంటాం, తనకి అది 'పాతవాళ్లని మర్చిపో' అన్నట్టు వినపడుతుంది.

స్కూల్‌ని 'మా పాపని అందరితో కలిసేలా చూడండి' అని అడిగితే లాభం లేదు, లంచ్ బ్రేక్ గురించి అడగండి. ఎవరి పక్కన కూర్చుంటోంది, లైబ్రరీలో దాక్కుంటోందా, బాత్రూమ్‌లో గడుపుతోందా? మార్కులు తెచ్చే ఇంగ్లీషు వేరు, నలుగురూ ఒకేసారి మాట్లాడుతుంటే మధ్యలో దూరే ఇంగ్లీషు వేరు. అందుకే ఇలాంటి పిల్లలకు చేతులకి పనుండే క్లబ్బు, అంటే బొమ్మలు వేయడమో, తోటపనో, స్టేజీ వెనక లైట్ల పనో, ఎక్కువ కలిసొస్తుంది, మాట్లాడకుండానే పక్కపక్కన ఉండొచ్చు కదా. రోజూ పొద్దున ఒక్క టీచరైనా పేరు పెట్టి పలకరించేలా చూడమనండి. మళ్లీ ట్రాన్స్‌ఫర్ అయ్యే అవకాశం ఉంటే ఆ సంగతి స్కూల్‌కీ, పాపకీ దాచకండి.

మీవారి భయానికి జవాబు: కాలేజీలకు వెళ్లే మార్కుల పత్రంలో సబ్జెక్టులు, గ్రేడ్లు ఉంటాయి, కౌన్సెలర్ రాసుకునే నోట్స్ సాధారణంగా దాంతో కలపరు. అయినా నమ్మకం కోసం, ఆ నోట్స్ ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు అని స్కూల్‌ని మెయిల్‌లో అడగండి, అడగడం మీ హక్కు. పాప తనకి తాను హాని చేసుకుంటుందనో, ఎవరైనా తనకి హాని చేస్తున్నారనో తెలిస్తే మాత్రం కౌన్సెలర్ రహస్యంగా ఉంచరు, ఉంచకూడదు కూడా. మీకే ఇంట్లో 'నేను లేకపోతే బాగుండు' లాంటి మాట వినపడినా, చేతుల మీద గాట్లు కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, స్కూల్‌కీ చెప్పండి. తన ఉద్యోగం వల్లే ఇదంతా అన్న బాధ కూడా మీవారిలో ఉండొచ్చు, కాబట్టి ఆయనతో వాదన పెట్టుకోకుండా టీచర్‌ని కలవడానికి ఇద్దరూ కలిసి వెళ్లండి.

పాపకి 'నీకేదో సమస్య ఉంది' అని చెప్పి పంపకండి. ఒక్కసారి ఆ గది చూసి రా, నచ్చకపోతే వేరే ఎవరితో మాట్లాడాలనుందో నువ్వే చెప్పు అనండి. ఆ ఐడీ కార్డు సంగతి మాత్రం మీరు ఎవరికీ చెప్పకండి, దిండు కిందే ఉండనివ్వండి. చెప్పాలనిపించినప్పుడు తనే చెబుతుంది.