రెండు పూటలా నడుస్తున్నా బరువు తగ్గడం లేదు.. రాత్రి భోజనం మానేయాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 43 ఏళ్లు, ఎత్తు 157 సెంటీమీటర్లు. కరీంనగర్‌లో టీచర్‌గా పనిచేస్తున్నాను. నాలుగేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన మాత్ర ఉదయం, రాత్రి వేసుకుంటున్నాను. అయిదు నెలల క్రితం 78 కిలోలు ఉండేదాన్ని. రోజూ గంటసేపు నడిచి, తిండి తగ్గించి 71.5 కిలోలకు వచ్చాను. ఉదయం రెండు ఇడ్లీలు లేదా రాగి జావ, మధ్యాహ్నం కప్పు అన్నం, కూర, చారు, మజ్జిగ, రాత్రి రెండు పుల్కాలు లేదా పళ్లు తీసుకుంటున్నాను. బరువు పెరుగుతానని గుడ్లు, చేపలు మానేశాను. ఆరు వారాలుగా బరువు అక్కడే ఆగిపోయింది. సాయంత్రం మరో గంట నడిచినా ఫలితం లేదు. నీరసం, జుట్టు రాలడం, మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి. ఒక్కోరోజు బడిలో పదకొండు గంటల వేళ చేతులు వణికి, చెమటలు పడుతున్నాయి. రాత్రి భోజనం పూర్తిగా మానేయాలా? నడక ఇంకా పెంచాలా?

జవాబు: ఆ రెండూ వద్దు. బరువు కంటే ముందు మీరు చివర్లో రాసిన వణుకు, చెమటల గురించి చెప్పాలి. ఇవి రక్తంలో చక్కెర మరీ పడిపోయినప్పుడు కనిపించే లక్షణాలు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారిలో ఇలా జరగడం అరుదు కానీ, గ్లిమిపిరైడ్ అలా కాదు. మీరు తిన్నా తినకపోయినా అది క్లోమగ్రంథి చేత ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది. మీ మోతాదును మీరు 78 కిలోల బరువుండి, ఇప్పటి కంటే ఎక్కువ తింటున్న రోజుల్లో నిర్ణయించి ఉంటారు. ఇప్పుడు బరువు తగ్గింది, తిండి తగ్గింది, నడక రెట్టింపయింది, మాత్ర మాత్రం అదే. ఈ స్థితిలో రాత్రి మాత్ర వేసుకుని భోజనం మానేస్తే నిద్రలోనే చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది. అలాగని మాత్రను మీ అంతట మీరే ఆపేయకండి. ఈ వారంలోనే మీ డాక్టరును కలిసి మోతాదు గురించి అడగండి. గ్లిమిపిరైడ్ తరగతి మందులు కొంత బరువు పెంచే స్వభావం కలవి కాబట్టి, వాటికి బదులు బరువు పెంచని మందు ఇవ్వవచ్చేమో కూడా ఆయన చూస్తారు. ఈలోగా వణుకు వచ్చినప్పుడు వీలైతే గ్లూకోమీటర్‌తో పరీక్షించుకోండి. 70 మిల్లీగ్రాముల కంటే తక్కువ ఉంటే, లేదా పరీక్షించే వీలు లేకపోతే, మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలుపుకుని వెంటనే తాగి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూసుకోండి. చక్కెర పొట్లం ఒకటి హ్యాండ్‌బ్యాగులో, ఒకటి స్టాఫ్‌రూములో ఉంచుకోవాలి.

ఇక బరువు విషయానికి వద్దాం. మీరు ఇప్పటికే తగ్గిన ఆరున్నర కిలోలు మీ మొదటి బరువులో ఎనిమిది శాతానికి పైమాటే. అయిదు నుంచి పది శాతం తగ్గితే చాలు, షుగర్, రక్తపోటు, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) మెరుగుపడతాయి కాబట్టి, మీ శ్రమ వృథా కాలేదు. మీ బీఎంఐ (ఎత్తును బట్టి బరువును అంచనా వేసే కొలత) 31.6 నుంచి 29కి వచ్చింది. భారతీయులకు 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే ఊబకాయంగా లెక్కిస్తాం గనుక ఇంకా తగ్గాల్సింది ఉందన్నది నిజమే. అయితే బరువు తగ్గిన శరీరానికి ఖర్చు కూడా తగ్గుతుంది. ఆరున్నర కిలోలు తగ్గిన మనిషికి రోజుకు సుమారు 150 కేలరీలు తక్కువ సరిపోతాయి. మొదట్లో బరువు తగ్గించిన తిండే ఇప్పుడు ఉన్న బరువును నిలబెట్టే తిండి అవుతోంది. దీనికి తోడు తిండి మరీ తగ్గినప్పుడు మనకు తెలియకుండానే మిగతా కదలికలు తగ్గిపోతాయి. రెండు గంటలు నడిచిన మనిషి మిగిలిన రోజంతా కుర్చీకి అతుక్కుపోవడం నేను తరచూ చూసేదే.

తిండికి, వ్యాయామానికి మధ్య జమాఖర్చుల లెక్క వేయడం దగ్గరే చాలామంది దెబ్బతింటారు. మీ బరువున్న వ్యక్తి ఓ మోస్తరు వేగంతో గంట నడిస్తే ఖర్చయ్యేది 200 నుంచి 250 కేలరీలు. రెండు గారెలు, కాస్త కొబ్బరి పచ్చడి తింటే అవి తిరిగి వచ్చేస్తాయి. బరువును తగ్గించేది ప్రధానంగా ఆహారమే. తగ్గిన బరువులో కొవ్వు ఎంత, కండ ఎంత అన్నది, ఆ తగ్గుదల నిలుస్తుందా లేదా అన్నది మాత్రం వ్యాయామం మీద, మాంసకృత్తుల మీద ఆధారపడి ఉంటుంది. కండరాలకు పని చెప్పకుండా తిండి మాత్రమే తగ్గిస్తే, పోయే బరువులో దాదాపు నాలుగో వంతు కండ కావచ్చు. కండ తగ్గితే విశ్రాంతిలో ఉన్నప్పుడు అయ్యే కేలరీల ఖర్చు తగ్గుతుంది, మోకాలికి ఆసరా తగ్గుతుంది, చక్కెరను వాడుకునే చోటూ తగ్గుతుంది.

మీరు రాసిన భోజనంలో నాకు కనిపించే పెద్ద లోటు ఇదే. రెండు ఇడ్లీలు, కప్పు అన్నం, చారు, మజ్జిగ, రెండు పుల్కాలు అన్నీ కలిపినా మాంసకృత్తులు 30 గ్రాములు దాటడం కష్టం. మీ మూత్రపిండాలు బాగా పనిచేస్తుంటే రోజుకు 60 నుంచి 70 గ్రాములు అవసరం. మానేసిన గుడ్లు, చేపలను మళ్లీ మొదలుపెట్టండి. ఉదయం ఇడ్లీ బదులు 50 గ్రాముల పెసలతో పెసరట్టు వేసుకుంటే 12 గ్రాములు వస్తాయి (ఉప్మా పెట్టినది కాదు, చుట్టూ నూనె పోసినదీ కాదు). మధ్యాహ్నం చారుకు బదులు గట్టి పప్పు, గుడ్డు, కప్పు పెరుగు ఉండాలి. బడి నుంచి వచ్చాక ఉడికించిన సెనగలో బొబ్బర్లో గుప్పెడు తినండి. రాత్రి పుల్కాలతో పాటు గుడ్డు, లేదా వంద గ్రాముల చేప, అదీ కుదరకపోతే పప్పుకూర తప్పనిసరి. పళ్లు మాత్రమే తిని పడుకోవడం తేలికపాటి భోజనం అనుకుంటారు కానీ, షుగర్ ఉన్నవారికి అది పిండిపదార్థాలు తప్ప మాంసకృత్తులు లేని భోజనం. మధ్యాహ్నం తినే కప్పు అన్నం ఉండనివ్వండి, దాని పక్కన కూర రెట్టింపు చేయండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు కూడా రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినమంటున్నాయి. మన ఇళ్లలో అందులో సగం కూడా తినడం లేదు.

రాగి జావ గురించి ఒక మాట. రాగుల్లో కాల్షియం, పీచు బియ్యంలో కంటే ఎక్కువే. కేలరీల్లో మాత్రం పెద్ద తేడా లేదు, పైగా మెత్తని పిండితో పల్చగా కాచిన జావ త్వరగా జీర్ణమై చక్కెరను పెంచుతుంది, ఆ తర్వాత ఆకలి వేస్తుంది. తాగాలనిపిస్తే మజ్జిగ కలిపి, పక్కన ఒక గుడ్డు పెట్టుకోండి.

నూనె సంగతి మీరు రాయలేదు, ఎవరూ రాయరు. టీస్పూను నూనెలో 45 కేలరీలు ఉంటాయి. కూరలో, పోపులో, పచ్చడిలో చేరే నూనెను రోజువారీగా కొలవడం కష్టం కాబట్టి నెలకు కొలవండి. నలుగురున్న ఇంటికి నెలకు రెండు లీటర్లు మించకుండా చూసుకుంటే ఒక్కొక్కరికి రోజుకు మూడు, నాలుగు టీస్పూన్ల దగ్గర ఆగుతుంది.

సాయంత్రం గంట నడక ఆపేయండి. ఉదయం 40 నిమిషాలు చాలు. మధ్యాహ్నం, రాత్రి భోజనం తర్వాత పది పదిహేను నిమిషాల చొప్పున నడిస్తే, తిన్నాక పెరిగే చక్కెర అదుపులో ఉంటుంది. మిగిలిన సమయాన్ని వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు, కండరాల వ్యాయామానికి ఇవ్వండి. జిమ్‌కు వెళ్లాల్సిన పని లేదు. చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి ముందుకు వంగి వెనక్కి నెట్టడం, మునివేళ్ల మీద లేవడం, నీళ్ల సీసాలు చేత పట్టుకుని పైకెత్తడం వంటివి ఒక్కోటి పదేసిసార్లు, రెండు విడతలు చేయండి. కుర్చీలో కూర్చుని కాలు చాచి అయిదు సెకన్లు నిలిపి దించడం మోకాలి నొప్పికి కూడా ఉపయోగపడుతుంది. చేస్తున్నప్పుడు ఛాతీలో నొప్పి, విపరీతమైన ఆయాసం, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే ఆపి డాక్టరును కలవాలి.

జుట్టు రాలడం వేగంగా బరువు తగ్గిన రెండు మూడు నెలలకు కనిపించేదే, ఆహారం సరిపడా తీసుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. అయినా నీరసం కూడా ఉంది కాబట్టి హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), క్రియాటినిన్ (మూత్రపిండాల పరీక్ష), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు చక్కెర)తో పాటు విటమిన్ బీ12 కూడా చూపించుకోండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో బీ12 తగ్గవచ్చు. కండరాల వ్యాయామం మొదలుపెట్టిన తొలి వారాల్లో కండల్లో నీరు నిలిచి కాటా కదలకపోవచ్చు, కొద్దిగా పెరగవచ్చు కూడా. అందుకే బరువును వారానికి ఒక్కసారే, ఉదయం పరగడుపున చూసుకుని, దాని పక్కనే నడుము కొలతా రాసుకోండి. మహిళలకు అది 80 సెంటీమీటర్ల లోపు ఉండాలి. ఎనిమిది వారాల తర్వాత కూడా నడుము కొలత తగ్గకపోతే, ఆ వివరాలు, గ్లూకోమీటర్ రీడింగులు తీసుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి.