అట్ట మీద నంబరు

తెనాలి,
ఆదివారం రాత్రి

అమ్మడూ,

పొద్దున మీ అమ్మ ఫోన్ చేసి, "అక్కా, దానికి హైదరాబాద్‌లో మేనేజర్ దొరికాడట, ఇక బ్రాండ్ల గోల అంతా వాళ్ళే చూసుకుంటారట" అని చెప్పింది. సంతోషం పట్టలేక పక్కింటి వాళ్ళకి కూడా చెప్పేశాను. తర్వాత నీ ఇన్‌స్టా తెరిచాను. నీ పేరు కింద ఎప్పుడూ ఉండే ఈమెయిల్ లేదు. ఆ చోట ఏజెన్సీ వాళ్ళది ఉంది. అప్పటినుంచి అన్నం సయించలేదు. అందుకే ఈ ఉత్తరం. ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెడతాను, నా గొలుసుకట్టు రాత చూసి విసుక్కోకుండా మొత్తం చదువు.

ముందే చెబుతున్నా, మేనేజర్ వద్దనడం లేదు. నీకు బేరమాడటం రాదు. మొన్న ఆ మసాలా కంపెనీ వాళ్ళు ఒక రీల్‌కి ఎనిమిది వేలూ, ఒక మిక్సీ ఇస్తామంటే "సరేనండీ, థాంక్యూ అండీ" అన్నావట! రెండు రోజుల వంట, ఒక రోజు ఎడిటింగ్, మూడు లక్షల మంది చూసే వీడియో. సిగ్గు నీకు నా దగ్గర నుంచే వచ్చింది, ఒప్పుకుంటాను. డబ్బు మాట ఎత్తాలంటే నాకూ గొంతు పూడుకుపోయేది. నీ తరఫున మాట్లాడే మనిషి కావాలి. ఆ మనిషి ఎలాంటివాడన్నదే నా బెంగ.

తెలిసిన సంగతులు గబగబా చెప్పేస్తాను. డబ్బు పడే ఖాతా నీదై ఉండాలి. ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి, దానికో సీఏని పెట్టుకో. వస్తువులు ఊరికే వచ్చాయని మురిసిపోకు. 2022 జులై నుంచి ఒక కంపెనీ ఏడాదిలో ఇచ్చినవాటి విలువ 20,000 దాటితే పది శాతం టీడీఎస్ అని పన్ను ముందే పట్టుకుంటారు. చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితమే, చేయించుకో. అది ఉంటే కంపెనీ నీకివ్వాల్సింది 45 రోజుల్లోపు ఇచ్చి తీరాలి. ఇవన్నీ నీకు నాకంటే బాగా తెలుసు.

తెలియనిది ఒకటి చెబుతాను. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

1993లో నా కేసెట్ వచ్చింది. విజయవాడలో రెండు రోజుల రికార్డింగ్, ఎనిమిది పాటలు. నాట్ల పాటలు, దంపుళ్ళ పాటలు, అన్నీ మీ అమ్మమ్మ నోటి నుంచి నేర్చుకున్నవే. గాంధీనగర్‌లో సినిమా డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసుల వెనక సందులో ఒక ప్రెస్సులో కేసెట్ అట్ట వేయించారు. ఆకుపచ్చ చీరలో నా ఫొటో. దాని కింద "ప్రోగ్రాములకు సంప్రదించండి" అని. ఏ నంబరు వేయాలి? మాకు ఫోన్ లేదు, అప్లికేషన్ పెట్టి రెండేళ్ళయినా కనెక్షన్ రాలేదు. నా ప్రోగ్రాములు చూసే పెద్దమనిషి, పేరు రాయను, పోయాడు పాపం, పిల్లలున్నారు, "నా నంబరు వేయిద్దాం తల్లీ, ఎవడు పడితే వాడు ఆడపిల్ల ఇంటికి ఫోన్ చేయడం ఎందుకు" అన్నాడు. నాకు ప్రాణం హాయిగా అనిపించింది. అమ్మయ్య, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు అనుకున్నాను.

ఆయన దొంగ కాదు, అది ముందు అర్థం చేసుకో. ప్రతి ప్రోగ్రాం మర్నాడు కవర్లో డబ్బు తెచ్చి, లెక్క రాసిన చీటీతో సహా ఇచ్చేవాడు. పైసా తినలేదు. మొదటి ఏడాది చవితి పందిళ్ళు, తిరునాళ్ళు, పెళ్ళిళ్ళు, తీరిక లేకపోయింది. తర్వాత తగ్గాయి. జనానికి నా గొంతు మొహం మొత్తిందనుకున్నాను. మిరియాల కషాయాలు తాగాను. ఆ తర్వాత పొద్దున్నే సాధన చేయడం కూడా మానేశాను. ఎవరి కోసం అని.

1997లో గుంటూరులో ఒక పెళ్ళిలో డోలక్ వాయించే ఆయన కలిశాడు. ఆకు చుడుతూ మామూలుగా అడిగాడు, "అమ్మా, అప్పుడు బొంబాయి ఎందుకు రానన్నారు?" అని. నాకేం అర్థం కాలేదు. అక్కడి తెలుగువాళ్ళు ఉగాదికి నన్ను పిలవాలని మూడుసార్లు ఫోన్ చేశారట. మూడోసారి, "ఆవిడకి నెలలు నిండుతున్నాయి, డాక్టరు ప్రయాణాలు వద్దన్నారు" అని చెప్పారట.

అమ్మడూ, అప్పటికి పిల్లల కోసం మీ పెద్దనాన్నా నేనూ తిరగని ఆసుపత్రి లేదు.

వెళ్ళి ఆ పెద్దమనిషిని అడిగాను. బొంబాయి వాళ్ళు నాకు మాత్రమే టికెట్ తీస్తామన్నారట, డబ్బు కూడా నా చేతికే ఇస్తామన్నారట. "అంత దూరం ఒంటరిగా ఎలా పంపను తల్లీ, నీ మంచికే చేశాను" అన్నాడు. బహుశా నిజంగానే అలా అనుకున్నాడేమో. నేను గొడవ పెట్టుకోలేదు, ఆయన భార్య ఇచ్చిన కాఫీ తాగి వచ్చేశాను. ఆ నంబరుకి ఇంకెన్ని ఫోన్లు వచ్చాయో, ఇంకెన్ని అబద్ధాలు చెప్పారో నాకు ఈనాటికీ తెలియదు.

అందుకే కమిషన్ ఎంత అని అడగకుండా ఈమెయిల్ ఎవరిది అని అడుగుతున్నాను. పదిహేనో ఇరవయ్యో శాతం తీసుకోనీ, కష్టపడితే ఇచ్చుకుందాం. కానీ బ్రాండ్లు రాసే ఉత్తరం ముందు నీకు రావాలి, వాళ్ళకి కాపీ వెళ్ళాలి. బ్రాండ్ ఇచ్చిన మొత్తం ఎంతో ఆ కంపెనీ కాగితం మీదే నువ్వు చూడాలి, వీళ్ళు చెప్తే వినడం కాదు. ఇంకా, వాళ్ళు వద్దన్నవాటి లిస్టు నెలకోసారి నీకు పంపాలని అగ్రిమెంట్‌లో రాయించు. వచ్చినవి అందరూ చూపిస్తారు. పోగొట్టినవి ఎవరూ చూపించరు.

వాళ్ళ గురించి వాకబు చేసేటప్పుడు ఇప్పుడు వాళ్ళ దగ్గరున్న పిల్లల్ని అడిగితే లాభం లేదు. వదిలేసి వెళ్ళినవాళ్ళు ఇద్దర్ని పట్టుకుని అడుగు, ఎలా వదిలారు, వదిలాక ఎన్నాళ్ళు కమిషన్ కట్టారు అని. మూడేళ్ళ అగ్రిమెంట్ అన్నారట, ఎందుకంత? ఒక ఏడాది చాలు, ముప్పై రోజుల నోటీసుతో బయటికి వచ్చేలా. ఆ మసాలా కంపెనీని నువ్వే తెచ్చుకున్నావు, అందులో వాళ్ళకి వాటా ఏంటి? నీ తరఫున సంతకం పెట్టే అధికారం ఇస్తున్నట్టు ఎక్కడైనా ఉంటే కొట్టేయించు. నీ మొహం బ్రాండ్లు తమ యాడ్‌లో ఎన్ని నెలలు వాడుకుంటాయో అంకె వేయించు. వీడియోల కాపీరైట్ హక్కు రాసిచ్చేటప్పుడు గడువు రాయకపోతే ఐదేళ్ళని చట్టమే అంటుంది. అందుకే వాళ్ళు తెలివిగా "శాశ్వతంగా" అని రాస్తారు. నా కేసెట్ కాగితంలోనూ ఆ మాటే ఉంది. వకీలుకి ఒకసారి చూపించు, ఫీజు నేనిస్తాను.

ఇంకో భయం. బెట్టింగ్ యాప్ అని పేరు ఎత్తిన మేనేజర్ గడప తొక్కకు. 2025 మార్చిలో హైదరాబాద్‌లో సినిమా వాళ్ళ మీదా, యూట్యూబర్ల మీదా కేసులు పెట్టారు కదా. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు చట్టం కూడా చేసింది, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకి ప్రచారం చేస్తే రెండేళ్ళ దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. డబ్బు తీసుకున్న వీడియో మీద 'ప్రకటన' అన్న మాట కనపడకుండా పెట్టమనే వాడూ వద్దు. తప్పుదోవ పట్టించే ప్రకటన అని తేలితే అందులో కనపడినవాళ్ళకి కూడా 10 లక్షల దాకా జరిమానా పడుతుంది. పోలీసులు వచ్చేది మేనేజర్ ఇంటికి కాదు, చింతకాయ పచ్చడి నూరే నీ ఇంటికి.

పచ్చడంటే గుర్తొచ్చింది. ఆ వీడియో నాలుగుసార్లు చూశాను. అది మీ అమ్మమ్మ రోలేనా? పచ్చిమిరపకాయలు వేసేటప్పుడు నువ్వు గొణుక్కున్న పాట మైకులో పడింది, తెలుసా? రెండో చరణం తప్పు పాడావు. పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాలి.

వచ్చే ఆదివారం రా. ఆ అగ్రిమెంట్ ఫోన్లో చదవలేను, ప్రింట్ తీసి తీసుకురా. కళ్ళజోడు మార్చుకున్నాను, అంగుళం వదలకుండా చదువుతాను. ఆ కేసెట్ అట్ట బీరువాలో ఉంది, నీకు చూపిస్తాను, ఆకుపచ్చ చీర కూడా. సంతకం పెట్టేసి ఉంటే కూడా రా, తిట్టను. కొంచెం తిడతాను.

ఈలోగా ఆ ఈమెయిల్ మార్చు. ఇది చదవగానే.

మీ పెద్దమ్మ